మన జిల్లా అంతే ఉరుగ్వే!

రెండుసార్లు ప్రపంచకప్‌ గెలిచిన ఆ దేశం జనాభా, ఉమ్మడి ప్రకాశం జిల్లా జనాభా ఇంచుమించు సమానం. పిల్లల చేత వారం వారం ఆడించడమే అక్కడి బలం. ఒకప్పుడు హైదరాబాద్‌కు తెలిసిన విద్య అది. అనంతపురంలో ఇప్పటికీ కళ్లెదుట కనిపిస్తున్న విద్య. సింగరాయకొండ లాంటి ఊళ్లకు దాన్ని తెచ్చుకోవడం ఎలా?

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ప్రకాశం జిల్లా జనం దాదాపు 34 లక్షలు. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలోనూ ఉన్నది దాదాపు అంతమందే. అటు అర్జెంటీనా, ఇటు బ్రెజిల్‌, నడుమ ఈ చిన్న దేశం. 1930లో మొట్టమొదటి ప్రపంచకప్‌ను గెలిచింది. 1950లో బ్రెజిల్‌ను వాళ్ల గడ్డ మీదే, మరకానా స్టేడియంలో ఓడించి రెండోసారి గెలిచింది. అదంతా పాతకాలపు వైభవం అనుకోవడానికి లేదు. 2010 ప్రపంచకప్‌లో సెమీఫైనల్‌ ఆడింది. 2011లో కోపా అమెరికా, 2023లో అండర్‌-20 ప్రపంచకప్‌ ఇంటికి తెచ్చుకుంది.

ఆ దేశంలో సాల్టో అనే ఊరుంది. జనాభా లక్ష చిల్లర. 1987లో మూడు వారాల తేడాతో అక్కడ ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఒకరు లూయిస్‌ సువారెజ్‌, ఇంకొకరు ఎడిన్సన్‌ కవానీ. ప్రపంచమంతా ఎరిగిన ఇద్దరు గోల్‌వీరులు ఒకే చిన్న ఊళ్లో, ఒకే ఏడాది పుట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. వాళ్లిద్దరికీ చిన్నప్పుడే బంతి, మైదానం, వారానికో మ్యాచ్‌ దొరకడం మాత్రం యాదృచ్ఛికం కాదు. ఉరుగ్వేలో పదమూడేళ్లలోపు పిల్లల ఆటను ‘బేబీ ఫుట్‌బాల్‌’ అంటారు. పేటపేటకూ ఒక క్లబ్బు ఉంటుంది. దాన్ని నడిపేది ఆ పేటలోని తల్లిదండ్రులే. గీతలు గీసేదీ, జెర్సీలు ఉతికేదీ, లెక్కలు రాసేదీ వాళ్లే. వారాంతం వచ్చిందంటే దేశమంతటా పిల్లల మ్యాచ్‌లే. ఇదంతా చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థే ఉంది.

మనది జనాభాలో పెద్ద దేశం, ఫుట్‌బాల్‌లో చిన్న దేశం. సీనియర్ల ప్రపంచకప్‌లో భారత్‌ ఇప్పటిదాకా ఒక్క మ్యాచ్‌ కూడా ఆడలేదు. 1996 ఫిబ్రవరిలో దక్కిన 94వ ర్యాంకే ఇప్పటికీ మన అత్యుత్తమం. ఈ మాట వచ్చినప్పుడల్లా స్టేడియాలు కావాలనీ, విదేశీ కోచ్‌లు కావాలనీ, మెరికల్లాంటి పిల్లల్ని ఏరాలనీ చర్చ మొదలవుతుంది. అవీ కావాల్సిందే. కానీ ముందు కావాల్సింది మరొకటుంది. పదేళ్ల పిల్లకో పిల్లవాడికో ఇంటి దగ్గరే, వాళ్ల వయసుకు తగ్గట్టు, వారం తప్పకుండా మ్యాచ్‌ దొరకాలి. చిన్న దేశాలు పెద్దవైంది ఈ దారినే. చిన్న ఊళ్లకూ ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఏడాదికి ఒక్క మ్యాచ్‌

చెన్నై-విజయవాడ రైలు మార్గం, పదహారో నంబరు జాతీయ రహదారి రెండూ సింగరాయకొండ మీదుగానే పోతాయి. తూర్పున పాకల సముద్రం. దక్షిణాన ఉలవపాడు మామిడి తోటలు. పడమటి వైపు కందుకూరు, కొండపి పొగాకు చేలు. ఉత్తరంగా గుంటూరు దాకా పోతే మిరప, పత్తి. ఒంట్లో సత్తువకూ, ఆట మీద ఇష్టానికీ కొదవలేని ప్రాంతమిది. సాయంత్రం బడి వదిలాక ఏ ఊరి మైదానం చూసినా టెన్నిస్‌ బంతితో క్రికెట్‌ జరుగుతుంటుంది. ఓ మూల వాలీబాల్‌ నెట్‌, ఇంకో మూల కబడ్డీ. ఫుట్‌బాల్‌ మాత్రం చాలా బళ్లలో ఏడాదికోసారి, స్కూల్‌ గేమ్స్‌ తేదీలు వచ్చాక బయటికొస్తుంది. 2023 డిసెంబరులో రాష్ట్రమంతటా మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో క్రికెట్‌, వాలీబాల్‌, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్‌ ఉన్నాయి. ఫుట్‌బాల్‌ లేదు.

స్కూల్‌ గేమ్స్‌ తేదీ దగ్గరపడగానే పీఈటీ సారు చకచకా ఓ జట్టు కూరుస్తారు. పరుగెత్తేవాణ్ని ఫార్వర్డ్‌ అంటారు, పొడుగ్గా ఉన్నవాణ్ని గోల్‌కీపర్‌ అంటారు. వారం, పది రోజుల ప్రాక్టీసు. తర్వాత పోటీ. తప్పు పీఈటీలది కాదు. అన్ని ఆటలూ, అన్ని తరగతులూ, దానికి తోడు బడి పనులూ ఒక్కరి మీదే పడితే ఎవరైనా అంతే చేయగలరు. అసలు చిక్కు పోటీ పద్ధతిలో ఉంది. నాకౌట్‌లో ఎనిమిది జట్లు దిగితే మొదటి విడతలోనే నాలుగు ఇంటిదారి పడతాయి. ఆ నాలుగు జట్ల పిల్లలకు ఏడాది మొత్తానికి దొరికింది ఒక్క మ్యాచ్‌. కప్పు గెలిచిన జట్టుకైనా దొరికేవి మూడే.

అవే ఎనిమిది జట్లను లీగ్‌ పద్ధతిలో, ఒక్కో జట్టు మిగతా అన్నిటితో రెండేసి సార్లు తలపడేలా ఆడిస్తే ప్రతి పిల్లవాడికీ 14 మ్యాచ్‌లు దక్కుతాయి. ఓడిన జట్టు మళ్లీ శనివారం ఆడుతుంది. పోయినసారి ఎక్కడ దెబ్బతిన్నామో పిల్లలకు గుర్తుంటుంది. దిద్దుకోవడానికి వారం వ్యవధి ఉంటుంది. ఆట నేర్పేది ఆ వారమే. జట్లు అవే, మైదానం అదే, మారిందల్లా పోటీ పట్టిక ఒక్కటే.

రెండు పళ్ల గిత్తకు రెండు పళ్ల బండ

వయసుకు తగ్గ పోటీ అంటే ఏమిటో ప్రకాశం, గుంటూరు రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. తిరునాళ్లప్పుడు జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల్లో పాలపళ్ల విభాగం వేరు, రెండు పళ్లది వేరు, నాలుగు పళ్లది వేరు, ఆరు పళ్లది వేరు. ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. రెండు పళ్ల గిత్తను తెచ్చి సీనియర్ల బండకు కట్టమంటే ఏ రైతూ ఒప్పుకోడు. లేత వయసులో మోయలేని బరువు కడితే కాడి మీద ఇష్టమే చచ్చిపోతుందని ఆయనకు తెలుసు. ఎద్దుల విషయంలో ఇంత జాగ్రత్త తెలిసిన మనం పదేళ్ల పిల్లల్ని పెద్దవాళ్ల మైదానంలో, పెద్దవాళ్ల బంతితో, పదకొండు మంది జట్లుగా దింపుతున్నాం.

అప్పుడు ఏం జరుగుతుందో ఓ అరగంట నిలబడి చూస్తే చాలు. బంతి ఎటు పోతే అటు పిల్లలంతా గుంపుగా పరుగెడతారు. ఒంటి బలం ఉన్న ముగ్గురు నలుగురికే బంతి అందుతుంది. గోల్‌కీపర్‌ దుమ్ములో వేలితో బొమ్మలు గీస్తుంటాడు. అంచున నిలబడ్డ బక్కపలచటి పిల్లవాడు ఆట ముగిసేసరికి బంతిని మూడుసార్లు తాకి ఉంటే గొప్ప.

అదే 24 మంది పిల్లల్ని మూడు ఆటలుగా విడదీయండి. పాతిక మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పున ముగ్గుపిండితో మూడు చిన్న మైదానాలు గీయండి. రెండేసి ఇటుకలు పెడితే గోల్‌పోస్టులు. ఒక్కో దాంట్లో నలుగురికి నలుగురు, నడుమ ఒక బంతి. గోల్‌కీపర్‌ ఉండడు. ఇప్పుడు దాక్కోవడానికి చోటు లేదు. ప్రతి పిల్లకూ నిమిషానికోసారి బంతి వస్తుంది. ఇవ్వాలా, తనే తీసుకెళ్లాలా, వెనక్కి తిరగాలా అని తేల్చుకోవాలి. పాదం కింద బంతి ఆపుకోవడం, తలెత్తి చూడడం, ఖాళీ చోటికి కదలడం... కోచ్‌ కేకలు వేయకుండానే ఆట వీటిని నేర్పిస్తుంది. ఎనిమిదేళ్ల లోపువాళ్లకు మూడో నంబరు బంతి, పన్నెండేళ్ల దాకా నాలుగో నంబరు, ఆ తర్వాతే పెద్దలు ఆడే ఐదో నంబరు. ఫుట్‌బాల్‌ బాగా నేర్పే దేశాలన్నీ దాదాపు ఈ వరుసే పాటిస్తాయి. పిల్లలు ఎదిగేకొద్దీ మైదానం పెరుగుతుంది, జట్టు పెరుగుతుంది. ఐదుగురు, ఏడుగురు, తొమ్మిది మంది... చివరకు పదకొండు.

మన అఖిల భారత ఫుట్‌బాల్‌ సమాఖ్య కూడా 2018లో ‘గోల్డెన్‌ బేబీ లీగ్స్‌’ పేరుతో ఈ పద్ధతినే మొదలుపెట్టింది. అంటే దేశానికి దారి తెలియక కాదు. ఆ దారి మండలం దాకా రావాలి.

కుడికాలు వాడకూడదన్న మాస్టారు

తెలుగు నేలకు ఇది కొత్త విద్య కాదు. భారత ఫుట్‌బాల్‌ చరిత్రలోకెల్లా గొప్ప కోచ్‌ హైదరాబాద్‌ బడిపంతులు. సయ్యద్‌ అబ్దుల్‌ రహీమ్‌ 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, బళ్లలో పాఠాలు చెప్పారు, తర్వాత వ్యాయామ విద్య నేర్చుకున్నారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్‌ కప్‌ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్‌ జట్టులో హైదరాబాద్‌ ఆటగాళ్లే అరడజనుకు పైగా ఉన్నారు.

మెల్‌బోర్న్‌కు నాలుగేళ్ల ముందు, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఇదే భారత్‌ యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఆ మ్యాచ్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. పది గోల్స్‌ దెబ్బ తర్వాత నాలుగేళ్లకే ఒలింపిక్స్‌ సెమీఫైనల్‌ ఆడే స్థాయికి రావడం మంత్రంతో జరగలేదు. రహీమ్‌ సాబ్‌ ఆటను మొదటి నుంచి కట్టుకొచ్చారు. ఒక్కడే బంతిని లాక్కుపోయే ఆట కాదు, ఒకరికొకరు అందించుకునే ఆట కావాలన్నారు. కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే కొట్టాలి. ఓ పూట నవ్వులాటలా ఉంటుంది. ఓ ఏడాది అదే సాగితే రెండు కాళ్లూ సమానంగా పనిచేసే ఆటగాడు తయారవుతాడు.

ఆయన శిష్యుల్లో తులసీదాస్‌ బలరామ్‌ కథ ప్రతి పల్లెటూరి కోచ్‌కూ తెలియాలి. సికింద్రాబాద్‌ శివారు అమ్ముగూడలోని పేద కుటుంబం. ఫుట్‌బాల్‌ బూట్లు కొనే స్తోమత లేదు. ఊరవతల నుంచి రోజూ హైదరాబాద్‌లో ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవు. సైకిలు అద్దెకు తెచ్చుకోమని రహీమే డబ్బిచ్చేవారని బలరామ్‌ తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు. ఆ సైకిలు అద్దె లేకపోతే భారత ఫుట్‌బాల్‌కు 1956, 1960 ఒలింపిక్స్‌లలో, 1962 ఆసియా క్రీడల్లో ఆడిన ఓ మహా ఆటగాడు దక్కేవాడు కాదు. 2023 ఫిబ్రవరిలో బలరామ్‌ కన్నుమూశారు. ప్రతిభ ఉన్న పిల్లకూ మైదానానికీ మధ్య చాలాసార్లు ఉండేది బస్సు చార్జీయే. శిక్షణ ఇంటి దగ్గరికే రావాలనడం అందుకే.

రహీమ్‌ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్‌ రాష్ట్రాల జట్ల జాతీయ పోటీ అయిన సంతోష్‌ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ గెలవలేదు. పెద్ద జట్లను ప్రభుత్వ శాఖలు, ఉద్యోగాలు నిలబెట్టాయి. వాటికి ఆటగాళ్లను అందించింది బళ్లు, బస్తీ క్లబ్బులు, ఖాళీ మైదానాలు. ఆ మైదానాలు తగ్గుతూ, స్థానిక పోటీలు సన్నగిల్లుతూ వచ్చాక పైనున్న జట్లూ కుంగిపోయాయి. ఇటీవలి అనుభవమూ అదే చెబుతోంది. 2019లో పుట్టిన హైదరాబాద్‌ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ కప్పు గెలిచింది. మూడేళ్లు తిరక్కుండానే ఆర్థిక కష్టాల్లో పడింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన జట్టయినా సరే, యజమాని మారితే ఊరు దాటిపోతుంది. ఊరి పిల్లల లీగ్‌కు ఆ బెడద లేదు.

అనంత చూపిన దారి

వానలు కరవైన అనంతపురం జిల్లా ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో ఫుట్‌బాల్‌ పిల్లలకు పెద్ద దిక్కు. 1969లో విన్సెంట్‌ ఫెర్రర్‌ దంపతులు ప్రారంభించిన ఆర్డీటీ సంస్థ అక్కడి అనంతపురం స్పోర్ట్స్‌ అకాడమీ ద్వారా పల్లెల్లో ఆటలు నేర్పిస్తోంది. స్పెయిన్‌లోని లా లీగా ఫౌండేషన్‌ ఫుట్‌బాల్‌కు తోడ్పాటునిచ్చింది. ఎంపికైన పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటూ ఆడుకునే వసతి గృహం చాలామందికి తెలుసు. ఆ వసతి గృహాన్ని నిలబెడుతున్నది దాని కింద ఉన్న పునాది. ఊళ్లలోనే శిక్షణ కేంద్రాలున్నాయి. ఆ ఊళ్ల జట్లకు అనంతపురం ఫుట్‌బాల్‌ లీగ్‌ ఉంది. అబ్బాయిలతో పాటు అమ్మాయిలూ ఆడతారు.

అనంత నుంచి ప్రకాశం నేర్చుకోవాల్సింది ఆ వరుసక్రమాన్ని. ముందు ఊళ్లో ఆట. తర్వాత ఊళ్ల మధ్య లీగ్‌. ఆ లీగ్‌లో రెండు మూడేళ్లు గమనించాక ఎంపిక. ఎంపికైన పిల్లలకు చదువుతో కూడిన వసతి. మనం చాలాచోట్ల దీన్ని తలకిందులు చేస్తున్నాం. ఒక్కరోజు సెలక్షన్స్‌ పెట్టి, ఆ పూట ఎవరు బలంగా కనిపిస్తే వాళ్లను తీసుకుంటున్నాం. పన్నెండేళ్ల వయసులో బలంగా కనిపించేది ముందుగా ఎదిగిన ఒళ్లు మాత్రమే. ఆలస్యంగా ఎదిగే పిల్లల్లో ఆట తెలివి ఉన్నా ఆ పూట కంటికి ఆనదు. వయసు తగ్గించి చూపే దొంగ సర్టిఫికెట్ల జాడ్యమూ ఇక్కడే పుడుతుంది. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగట్టే పరీక్షను ఫుట్‌బాల్‌ సమాఖ్య పెట్టాల్సి వచ్చింది అందుకే. గెలుపునే కొలతగా పెట్టినంతకాలం ఈ మోసం ఆగదు. ప్రతి పిల్ల ఎన్ని మ్యాచ్‌లు ఆడిందన్నది కొలతైతే, వయసు దాచి లాభపడేవాడే ఉండడు.

131 నుంచి 18కి

చిన్న దేశం ప్రణాళికతో పెద్దదైన కథల్లో ఐస్‌లాండ్‌ది మేలిమి ఉదాహరణ. జనాభా 2016లో మూడు లక్షల ముప్పై వేల దరిదాపు. మన లెక్కన ఐదారు మండలాల జనం. ఏడాదిలో సగం మంచు, చీకటి. 2000 తర్వాత అక్కడ పైకప్పున్న మైదానాలు కట్టారు. బళ్ల పక్కనే చిన్న చిన్న మైదానాలు వేశారు. అన్నిటికన్నా ముఖ్యంగా కోచ్‌లకు చదువు చెప్పారు. ఐదారేళ్ల పిల్లలకు బంతి తన్నడం నేర్పేవాళ్లు కూడా శిక్షణ పొందినవాళ్లే. 2012లో 131వ ర్యాంకులో ఉన్న ఆ దేశం 2016 యూరో కప్‌లో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించి క్వార్టర్‌ఫైనల్‌ చేరింది. 2018లో ప్రపంచకప్‌ ఆడింది. ఆ ఏడాది ఆరంభంలో ర్యాంకు 18. ప్రపంచకప్‌లో జట్టును నడిపించిన కోచ్‌ హెయ్‌మిర్‌ హాల్‌గ్రిమ్సన్‌ వృత్తిరీత్యా పళ్ల డాక్టరు.

2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించిన క్యురసావ్‌ జనాభా లక్షన్నర. ఒంగోలు నగరం కన్నా చిన్నది. ఆ జట్టులో చాలామంది నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగి, అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చుకున్నవాళ్లు. అంటే ఆ విజయంలోనూ పెద్ద వాటా పిల్లలకు ఆట నేర్పిన వ్యవస్థదే.

అంత దూరం పోనక్కర్లేదు, మిజోరం ఉంది. 2011 లెక్కల్లో అక్కడి జనాభా 11 లక్షలు. ఉమ్మడి ప్రకాశంలో మూడో వంతు. 2012లో సొంత ప్రీమియర్‌ లీగ్‌ పెట్టుకున్నారు. స్థానిక టీవీ చానల్‌ మ్యాచ్‌లు చూపించింది. రెండేళ్లకే సంతోష్‌ ట్రోఫీ వచ్చింది. 2016-17లో ఐజ్వాల్‌ ఎఫ్‌సీ ఐ-లీగ్‌ గెలిచి దేశాన్ని నివ్వెరపరిచింది. కేరళ దక్షిణ కొసన పొళియూర్‌ అనే మత్స్యకారుల ఊరుంది. ఇసుకలో ఆడుకుంటూ పెరిగిన ఆ ఊరి కుర్రాళ్లు ఎందరో సంతోష్‌ ట్రోఫీ ఆడారు. పాకల తీరంలోనూ ఇసుక ఉంది. అలలు వెనక్కి తగ్గాక గట్టిపడే ఆ ఇసుక మీద వట్టికాళ్లతో ఆడితే కాళ్లకు బలం, ఒంటికి నిలకడ వస్తాయి. కెరటాలకు దూరంగా, పెద్దల కనుసన్నల్లో ఆడించడమొక్కటే షరతు.

మిరప కోతలు, పదో తరగతి

ఇక్కడి అడ్డంకుల్ని ఇక్కడే వెతకాలి. జనవరి నుంచి మార్చి దాకా పడమటి ప్రకాశం కుటుంబాలు ఎన్నో మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. పిల్లలూ వెంట పోతారు. బడికే రాని పిల్ల లీగ్‌కు ఎలా వస్తుంది? పొగాకు ఊళ్లలో ఆకు కోత, బ్యారన్ల పని కూడా అప్పుడే. అక్టోబరు, నవంబరు వానలకూ తుపానులకూ పోతాయి. ఏప్రిల్‌, మేలో ఎండ ఆడనివ్వదు. ఢిల్లీలోనో కోల్‌కతాలోనో వేసిన క్యాలెండర్‌ మన పిల్లలకు నప్పదు. జూలై నుంచి సెప్టెంబరు చివరిదాకా వారానికో మ్యాచ్‌, వానలు వెలిశాక డిసెంబరులో మిగిలిన మ్యాచ్‌లు, సంక్రాంతి సెలవుల్లో ఫైనల్స్‌. ఇది ఇక్కడి పొలం పనులకు సరిపోయే క్యాలెండర్‌.

రెండో గోడ పదో తరగతి. పదిహేనేళ్లకు ఆట ఓ రూపానికి వచ్చే వేళకు పిల్లల్ని మైదానం నుంచి లాగేసి కోచింగ్‌లో కూర్చోబెడతాం. ఇంటర్‌లో చాలా కాలేజీలకు మైదానమే ఉండదు. తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగ్గది. ఆట అన్నం పెడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. ఆ భయాన్ని తీర్చేది ఉపన్యాసం కాదు, ఏర్పాటు. ప్రాక్టీసు వారానికి మూడు రోజులు, రోజుకు గంటంపావు. మైదానం పక్కనే గంటసేపు ట్యూషన్‌. రహీమ్‌ మాస్టారూ, అనంత అకాడమీ చదువునూ ఆటనూ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. మండలంలోనూ అది సాధ్యమే.

మూడో గోడ అమ్మాయిలకు మైదానం లేకపోవడం. నిజామాబాద్‌ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్‌ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. ఆమెలాంటి పిల్లలు మన తీరంలోనూ ఉంటారు. వాళ్లు పన్నెండేళ్లు దాటాక మైదానంలో కనిపించకపోవడానికి కారణాలు చిన్నవిగా కనిపించే పెద్ద విషయాలు. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, చీకటి పడక ముందే ముగిసే ప్రాక్టీసు, పక్కన ఓ మహిళా టీచరు. ఈ నాలుగూ ఉంటే అమ్మానాన్నలు పంపుతారు. పదకొండేళ్ల దాకా అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఆడొచ్చు. జట్టులో కనీసం ఇద్దరు ముగ్గురు అమ్మాయిలుండాలని నియమం పెడితే సరి.

సింగరాయకొండ లీగ్‌... ఇలా మొదలుపెట్టొచ్చు

జట్లు: సింగరాయకొండ, పాత సింగరాయకొండ, పాకల, ఊళ్లపాలెం, కలికివాయ, మూలగుంటపాడు, బింగినపల్లి, శానంపూడి. ఊరికొకటి చొప్పున ఎనిమిది. మొదటి ఏడాది పన్నెండేళ్లలోపు విభాగం ఒక్కటే.

పద్ధతి: జట్టుకు ఏడుగురు, బెంచీ మీద ఐదుగురు. బెంచీ మీది ప్రతి పిల్లా కనీసం సగం ఆట ఆడి తీరాలి. ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. ఎవరూ మధ్యలో ఇంటికి పోరు.

మైదానం: హైస్కూలు గ్రౌండు చాలు. పెద్ద మైదానాన్ని అడ్డంగా గీస్తే ఒకేసారి రెండు మ్యాచ్‌లు. గాజుపెంకులు, రాళ్లు ఏరడం, పల్లేరు ముళ్లు పీకించడం, తాగునీరు, నీడ... గడ్డి కన్నా ముందు ఇవి.

సామగ్రి: ప్రాక్టీసుకు ఇద్దరు పిల్లలకో బంతి ఉండాలి. నాలుగో నంబరు బంతి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. పెళ్లిళ్లకూ, తిరునాళ్లకూ చందాలిచ్చే దాతలున్న ఊళ్లకు ఇది భారం కాదు.

కోచ్‌లు: ఊరికి ఇద్దరు. పీఈటీ ఒకరు, ఆట మీద ఇష్టమున్న కుర్రాడో అమ్మాయో ఇంకొకరు. ఫుట్‌బాల్‌ సమాఖ్య మెట్లమెట్లుగా కోచ్‌ల శిక్షణ ఇస్తోంది. మొదట ఈ-లైసెన్స్‌, తర్వాత డి, ఆపైన ఆసియా సమాఖ్య సి, బి, ఏ. మొదటి రెండూ కొద్ది రోజుల్లో పూర్తయ్యేవే. మండలానికి పదిమంది ఉంటే ఆ కోర్సును ఒంగోలుకే రప్పించమని అడగొచ్చు.

పుస్తకం: ప్రతి పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఆడిన మ్యాచ్‌లు, ఆడిన నిమిషాలు. ఇది గోల్స్‌ పట్టిక కన్నా ముఖ్యం.

ఎవరి వంతు ఎంత?

పంచాయతీకి మైదానం కాపాడడం చేతనవును. కట్టడాలకూ సంతలకూ బడి స్థలాన్ని వదలకుండా ఉంటే సగం పని అయినట్టే. విద్యాశాఖ స్కూల్‌ గేమ్స్‌ను నాకౌట్‌ నుంచి లీగ్‌కు మార్చగలదు. దీనికి కొత్త నిధి అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు. జిల్లా ఫుట్‌బాల్‌ సంఘం మండల లీగ్‌లకు గుర్తింపు, రిఫరీలు, కోచ్‌ల కోర్సులు ఇవ్వగలదు. సెలక్షన్‌కు వచ్చేవాళ్లు ఒక్కపూట చూసి పోకుండా ఆ మండలాల పుస్తకాలు తిరగేయాలి. ఊరు వదిలి హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో స్థిరపడ్డవాళ్లు పుట్టినరోజు నాడు ఊరికి డబ్బు పంపుతుంటారు. ఓ జట్టు ఏడాది ఖర్చును భరించడం అంతకన్నా పెద్ద కానుక. ఇక తల్లిదండ్రులు... మ్యాచ్‌ రోజు ఓ గంట వచ్చి గట్టున నిలబడితే చాలు. గెలిచావా అని కాక, ఎలా ఆడావు అని అడిగితే ఇంకా మేలు.

ఫలితం వెంటనే రాదు. ఐస్‌లాండ్‌ మైదానాలు కట్టడం మొదలుపెట్టిన పదహారేళ్లకు ఇంగ్లండ్‌ను ఓడించింది. మొదటి ఏడాది సింగరాయకొండ లీగ్‌లో ఆడే పిల్లల్లో ఒక్కరూ దేశానికి ఆడకపోవచ్చు. అయినా ఎనిమిది ఊళ్లలో వంద మంది పిల్లలు సాయంత్రాలు ఫోన్‌ పక్కనపెట్టి పరుగెత్తుతారు. ఓడిపోయి మళ్లీ నిలబడడం నేర్చుకుంటారు. కలికివాయ పిల్లకు పాకల పిల్లతో స్నేహం కుదురుతుంది. ఇది ఏ కప్పుకూ తక్కువ లాభం కాదు. మూడో ఏడాదికి టంగుటూరు, జరుగుమల్లి, ఉలవపాడు, కందుకూరు జతకలిస్తే అది ఐదు మండలాల లీగ్‌ అవుతుంది. అప్పుడు అందులోంచి పైకొచ్చే పిల్ల అదృష్టం కొద్దీ వచ్చినట్టు కాదు, ఒక పద్ధతి ప్రకారం వచ్చినట్టు.

రాబోయే జూన్‌లో బడులు తెరుస్తారు. జూలై మొదటి శనివారం మొదటి మ్యాచ్‌ పెట్టాలంటే ఇప్పుడే ఎనిమిది ఊళ్ల పెద్దలు, పీఈటీలు ఓ చోట కూర్చోవాలి. తేదీలు రాసుకోవాలి, ఊరికి పన్నెండు మంది పిల్లల పేర్లు పుస్తకంలోకి ఎక్కించాలి. ఎమ్మెల్యే గారిని, అధికారుల్ని పిలిచి స్టేడియం అడగడం ఆ తర్వాత. ఆడే పిల్లలు ఉన్నారని చూపించగలిగిన ఊరి మాటకు బలం ఉంటుంది. ఆటగాళ్లు ముందు, స్టేడియం తర్వాత. చిన్న దేశాలు నమ్మి గెలిచిన వరుస ఇది. మన మండలాలూ నమ్మి మొదలుపెట్టొచ్చు.